టీచరమ్మ పెరటి మెట్ల దీపం

బ్యాటరీ మార్చిన వేళ్లకు ఒక ఇనుప వాసన అంటుకుంటుంది. ఇవాళ మా వరండాలోని సెన్సర్‌కు కొత్త బ్యాటరీ వేశాక, ఆ వాసనకే అండాలమ్మ టీచరమ్మ గుర్తొచ్చింది.

లక్డారంలో మా పక్కిల్లు ఆమెది. బడి నుంచి రిటైరయ్యాక, పటాన్‌చెరు కంపెనీలకు పోయే నాలాంటి వాడకట్టు ఆడవాళ్లకు సాయంత్రాలు అక్షరాలు నేర్పేది. నాకు మనుమరాలు పుట్టిన తరువాతే ఆమె దగ్గర అ, ఆలు దిద్దాను. పలక కొంటానంటే వద్దన్నది. "అరుగు మీదనే రాయి యాదమ్మా. తప్పు రాస్తే కడిగేది నువ్వే. జల్దీ నేర్సుకుంటవ్." ఆ యేడు ఆమె అరుగంత శుభ్రమైన అరుగు ఊళ్లో లేదు.

ఒకనాడు మసకలో పెరటి మెట్ల మీద జారి ఆమె చెయ్యి విరిగింది. సంగారెడ్డి నుంచి తమ్ముడు నర్సింలు వచ్చి ఖరాఖండిగా చెప్పాడు: "దసరా దాకా సూస్త అక్కా. ఈ మెట్ల సంగతి తేలకపోతే ఇల్లు కిరాయికిచ్చి నాతోని రావాలె." నాకింకా ఒత్తులు రాలేదు. ఆమె వెళ్లిపోతే నా చదువు అక్కడే ఆగిపోతుంది.

అందుకే, చీకట్లో ఎవరైనా నడిస్తే బల్బు వెలిగించే చిన్న సెన్సర్ తెప్పించాం. వైరు లేదు, బ్యాటరీయే. ఎంత చీకటైతే వెలగాలో ఫోన్‌లో మనమే చెప్పాలి. టీచరమ్మ ఫోన్ నా చేతిలో పెట్టింది.

"చదువు."

"మీరున్నరు గద టీచరమ్మా."

"నాకు అద్దాలు లెవ్వు." అద్దాలు ఆమె ముక్కు మీదే ఉన్నాయి.

'వెలుతురు గుర్తింపు' అని కూడబలుక్కుని చదివేసరికి చాయ చల్లారింది. నేను పెట్టిన అంకెకు మిట్టమధ్యాహ్నం కోడి నడిచినా బల్బు వెలిగింది. "కోడికేం తక్కువ, గుడ్డు పెడ్తది. ఎలగనియ్," అన్నది టీచరమ్మ. బాగా చీకటి పడితేనే వెలిగేలా నేను అంకె తగ్గించాను.

దసరా నాడు నర్సింలు జమ్మి ఆకుతో వచ్చేసరికి పట్టపగలు బల్బు వెలుగుతోంది. "ఇదేనా అక్కా నీ మిషను? పగలేదో రాత్రేదో దానికే తెల్వది," అన్నాడు. ఫోన్‌లో చూస్తే 'చీకటి' అని ఉంది. దగ్గరికి వెళ్లి చూద్దును కదా, గ్రైండర్‌కు పెట్టినట్టే దానికీ పసుపు పూసి బొట్టు పెట్టింది టీచరమ్మ, సరిగ్గా వెలుతురు చూసే కన్ను మీద.

కొంగుతో తుడవబోయాను.

"పండుగపూట బొట్టు తుడుస్తవా?"

"కంట్లె పెట్టినరు టీచరమ్మా."

"దాని నొసలెక్కడున్నదో నాకేం ఎరుక," అన్నది ఆమె. కన్ను తుడిచి, బొట్టు కాస్త పైన పెట్టాను.

నర్సింలు పొద్దుగూకేదాకా కదలలేదు. మసకపడ్డాక టీచరమ్మ మెట్లు దిగసాగింది. బల్బు వెలగలేదు. ఆమె పాదం మెట్టు అంచు కోసం వెతుకుతోంది. నర్సింలు లేచి నిలబడ్డాడు.

"ఇంకా వెలుతురున్నది గద," అన్నాను.

"నీకున్నది," అన్నది టీచరమ్మ గోడ పట్టుకుని.

ఇన్నాళ్లూ నా కళ్లతో చూసి అంకె పెట్టాను. బ్యాటరీ ఆదా కోసం ఆ సెన్సర్ అప్పుడప్పుడే వెలుతురు కొలుస్తుంది. బటన్ నొక్కి అప్పటికప్పుడు కొలిపించి, ఫోన్‌లో వచ్చిన అంకెనే ఖాయం చేశాను. "మల్ల దిగుండ్రి." ఈసారి మొదటి మెట్టుకే వెలిగింది. ఆమె కిందికి దిగి, ఎక్కి, మళ్లీ దిగింది.

"ఇగ చాలు గాని, అన్నం పెట్టక్కా," అన్నాడు నర్సింలు.

కన్నుమూసేదాకా ఆమె ఆ ఇంట్లోనే ఉంది. నాకు ఒత్తులు వచ్చాయి. ఇప్పుడు కంపెనీలో కొత్తగా చేరిన ఆడవాళ్లకు డబ్బాల మీది పేర్లు చదవడం నేనే చూపిస్తాను. ఎవరైనా తడబడితే, 'ఇంత అల్కగున్నది గద, గిది గూడ రాదా' అన్న మాట నోటిదాకా వస్తుంది. దాన్ని మింగేసి, వాళ్లు నిలబడ్డ చోటుకే వెళ్లి నిలబడి, ఆ డబ్బాను మళ్లీ చూస్తాను.