నాగలక్ష్మి గారి పడవ ఆట

2022 జూలై. భవానీపురంలో మా కంప్యూటర్ సర్వీస్ షాపు. నా దగ్గరికి మామూలుగా వచ్చేవి తెర పగిలిన లాప్‌టాప్‌లు, మొరాయించే ప్రింటర్లు. అప్పుడప్పుడు పాత గేములు కొత్త మెషిన్‌లో ఆడేలా చెయ్యమని కూడా వస్తారు. ఆ పని నాకు మహా ఇష్టం. "అవి ఇప్పుడు రావండీ" అని మిగతా షాపులవాళ్ళు పంపించేసిన గేములు నా బల్ల మీద చాలానే లేచి నిలబడ్డాయి. ఈ మాట కొంచెం గర్వంగానే చెబుతున్నాను.

ఆ రోజు వానలో ఒక పెద్దాయన పాత సీపీయూ డబ్బాను ఆటోలోంచి దింపించారు. పేరు శివరామయ్య గారు. వన్ టౌన్‌లో ఎండుచేపల హోల్‌సేల్ వ్యాపారం.

"ఇందులో పడవ ఆట ఒకటుందమ్మా. మా ఆవిడ ఆడేది. అది ఈ కొత్త లాప్‌టాప్‌లోకి రావాలి" అన్నారు.

"అలాంటివి కొత్తవి బోలెడున్నాయండీ, పెట్టివ్వనా?"

"పెట్టి చూశాం. కన్నెత్తి చూళ్ళేదు. ఆడితే అదే ఆడతానంది."

అప్పుడు అసలు సంగతి చెప్పారు. ఆయన భార్య నాగలక్ష్మి గారు మైలవరంలో చాలా ఏళ్ళు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపారు. తర్వాత దాన్నే కంప్యూటర్ సెంటర్‌గా మార్చారు. ఆ ఏడాది వేసవిలో పక్షవాతం వచ్చింది. మాట పోలేదు, నడక తిరిగొచ్చింది, కుడిచేతి వేళ్ళు మాత్రం లొంగడం లేదు. ఫిజియోథెరపిస్టు పిసకమని ఇచ్చిన రబ్బరు బంతిని ఆవిడ మంచం కిందికి విసిరేశారట. కదపకపోతే వేళ్ళు బిగుసుకుపోతాయని డాక్టరు గట్టిగానే హెచ్చరించారు.

"సెంటర్లో ఆ ఆటలో ఆవిణ్ణి ఓడించినవాడు లేడమ్మా" అంటూ, తనే గెలిచినట్టు నవ్వారాయన.

పాత హార్డ్ డిస్క్ కేబుల్ కొత్త లాప్‌టాప్‌కి పట్టదు. అడాప్టర్ పెట్టి కలిపితే డిస్క్ మూలుగుతూ తిరిగింది. ముందు గేమ్ ఫోల్డర్‌ని కాపీ చేసి ఊపిరి పీల్చుకున్నాను. క్లిక్ చేస్తే, ఈ సిస్టమ్‌లో ఇది నడవదని మెసేజ్. అది పాత డాస్ సిస్టమ్ కాలపు గేమ్. అలాంటివాటికి ఎమ్యులేటర్ వాడతాం. అంటే కొత్త మెషిన్ లోపల పాత మెషిన్‌లా నటించే ప్రోగ్రామ్ అన్నమాట. అందులో పెట్టగానే పాట మోగింది, నది కనిపించింది, పడవ కదిలింది. రెప్ప వేసేలోగా రాయికి కొట్టుకుని ముక్కలైంది.

ఈ జబ్బు నాకు తెలిసిందే. ఆ రోజుల్లో కొన్ని గేముల వేగాన్ని ప్రాసెసర్ వేగానికే ముడిపెట్టి రాసేవారు. ప్రాసెసర్ ఎంత జోరుగా ఉంటే పడవ అంత జోరుగా పోతుంది. ఎమ్యులేటర్‌లో 'సైకిల్స్' అనే సెట్టింగ్ తగ్గిస్తే పడవ నెమ్మదిస్తుంది. మరి అసలు వేగం ఎంత? పాత సీపీయూకి నా దగ్గరున్న పవర్ సప్లై తగిలించి లేపాను. దాని మదర్‌బోర్డు కాసేపటికే వేడెక్కి ఆగిపోయేది, రోజూ వాడటానికి పనికిరాదు. అయినా ఆ కాసేపు చాలు. రెండు తెరలూ పక్కపక్కన పెట్టుకుని, రెండు పడవలూ ఒకేసారి మొదటి రాయిని చేరేదాకా సరిచేశాను. వెడల్పు తెర మీద సాగిపోయిన బొమ్మను కూడా పాత కొలతకు తెచ్చాను. అచ్చం అదే గేమ్. నా వీపు నేనే తట్టుకున్నంత పని చేశాను.

మర్నాడు లాప్‌టాప్ తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. పాట వినగానే నాగలక్ష్మి గారి ముఖం విప్పారింది. ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి యారో కీల మీద పెట్టుకున్నారు. పడవ బయల్దేరింది. వేలు కదిలేలోపే రాయికి కొట్టుకుంది. మళ్ళీ మొదలుపెట్టారు, మళ్ళీ అంతే. ఇంకోసారి. ఆవిడ చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుని ముఖం కిటికీ వైపు తిప్పుకున్నారు.

"తీసుకెళ్ళమ్మా. నా చెయ్యి ఎందుకూ పనికిరాదని నాకు తెలుసు. మళ్ళీ చూపించక్కర్లేదు."

శివరామయ్య గారు తల దించుకున్నారు. అంత గర్వంగా తెచ్చిన పని ఆవిణ్ణి అవమానించినట్టయింది. అప్పుడు తట్టింది, వేగం నా చేతిలోనే ఉంది కదా అని. సైకిల్స్ సగానికి పైగా తగ్గించి, "ఒక్కసారి చూడండి మేడం" అన్నాను.

ఆవిడ చాలాసేపటికి ఇటు తిరిగారు. పడవ నింపాదిగా వచ్చింది. వేలు వణుకుతూ కీ మీద వాలింది. పడవ రాయి పక్కనుంచి తప్పుకుంది. రెండో రాయినీ దాటింది. ఉన్నట్టుండి నా వైపు చురుగ్గా చూశారు.

"స్పీడు తగ్గించావు కదూ?"

"అవునండీ" అన్నాను.

"ఏ కీ?"

"కంట్రోల్ పట్టుకుని ఎఫ్ లెవెన్ నొక్కితే తగ్గుతుంది, ఎఫ్ ట్వెల్వ్ నొక్కితే పెరుగుతుందండీ."

"అయితే ఇంక నువ్వు ముట్టుకోకు. నేనే పెంచుకుంటాను." భర్త వైపు తిరిగారు. "టైపు నేర్చుకోడానికి వచ్చే పిల్లలకి మొదటి రోజే చెప్పేదాన్ని గుర్తుందా? ముందు తప్పుల్లేకుండా కొట్టండ్రా, స్పీడు సంగతి తర్వాత చూద్దాం అని."

ఆయన తలూపారు.

దసరా వెళ్ళాక నాగలక్ష్మి గారు నాకు ఫోన్ చేశారు. పాత వేగంతో మొదటి మజిలీ పూర్తి చేశారట. వేళ్ళ మధ్య పెన్ను ఇంకా సరిగ్గా నిలవడం లేదు, కాఫీ మాత్రం కుడిచేత్తోనే గ్లాసు పట్టుకుని తాగుతున్నారట. "రెండో మజిలీలో సుడిగుండాలుంటాయి, అక్కడ ఇంకా మునిగిపోతున్నాననుకో" అని ఆవిడ నవ్వుతుంటే, ఆ పూట నాకు పని మీద మనసు నిలవలేదు. అంత సంతోషం.

అప్పటిదాకా పాత గేమ్ ఒకప్పటిలా అచ్చుగుద్దినట్టు నడిస్తే నా పని పూర్తయినట్టే అనుకునేదాన్ని. మెషిన్‌తో పాటు ఆడే మనిషీ మారి ఉంటారని ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. ఇప్పుడు ఎవరు పాత గేమ్ తెచ్చినా, ఆడేవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్ళ చేతిని చూస్తూ వేగం సరిచేస్తాను.