ఖర్జూరం చెట్టు మీంచి బావ మాట

దయ్యాలంటే భయపడేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది. శ్మశానం పక్కనున్న తాటిచెట్లెక్కి కల్లు గీసినవాణ్ని నేను. పురుగూ పుట్రా తప్ప అక్కడ నాకేదీ ఎదురుపడలేదు. ఇప్పటికీ ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే లేచి వెళ్లిపోతాను. అయినా ఇది రాస్తున్నాను.

జగిత్యాల వైపు మా గీత పని దెబ్బతిన్నాక, అక్క భర్త నన్ను సౌదీకి పిలిపించుకున్నాడు. మేమున్నది ఖతీఫ్ దగ్గర ఓ చిన్న బలదియా, మన గ్రామ పంచాయతీ కన్నా కాస్త పెద్ద ఊరు. ఎటు చూసినా ఖర్జూరం తోటలు, నీటి కాలువలు, గట్ల మీద గాడిదలు. సౌదీ అంటే ఇసుకే అనుకుని వెళ్లిన నాకు ఆ పచ్చదనం చూస్తే ఏడుపొచ్చింది. మాకు వీసా ఇచ్చిన కఫీల్ ముసలాయన, మేం పనిచేసే తోట ఆయనదే.

అప్పటికి గల్ఫ్ యుద్ధం అయిపోయింది. కానీ కువైట్‌లో చమురు బావులు మండుతూనే ఉన్నాయి. ఆరేసిన బట్టలు నల్లబడేవి, ఉమ్మినా నలుపే. చెట్ల పూత మాత్రం ఆగదు కదా. కాయ పట్టాలంటే మగచెట్టు పూరెబ్బలు కోసి ఆడచెట్టు గెలల్లో కట్టాలి. ఆ పని బావదీ, నాదీ.

గీతవాళ్లకు ఓ అలవాటుంది. చెట్టు మీదున్నవాడు కాసేపటికోసారి పక్క చెట్టువాణ్ని పిలుస్తాడు. బదులు రాకపోతే దిగి చూస్తాడు.

ఆ మధ్యాహ్నం గాలి తిరిగి పొగ కమ్మేసింది. చేతిలోని పువ్వు నాకే కనబడలేదు. భయమేసి, నడుముకూ చెట్టుకూ చుట్టిన మోకు సర్దుకుంటూ అరిచాను.

"బావా, దిగుతున్న!"

పక్క చెట్టు మీంచి వెంటనే బావ గొంతు. "దిగకురా. ఆడనే ఉండు."

"ఎందుకు బావా?"

"నేను చెప్పిందాక దిగకు."

ఎన్నిసార్లు పిలిచినా అదే మాట. విసుగొచ్చి తిట్టాను. ఎప్పుడూ నా తిట్టుకు రెండింతలు తిట్టే మనిషి, ఈసారీ "దిగకు" అనే అన్నాడు. కింద కారు లైట్లు పడ్డాయి, కఫీల్ కేక వినబడింది. మళ్లీ పిలిచాను. "దిగకు" అన్నాడు బావ. కాసేపటికి కాలువలోకి నీళ్లు తోడే మోటారు ఆగింది. కఫీల్ రమ్మంటే దిగాను.

బావ కాలువలో బోర్లా పడి ఉన్నాడు. మోకు భుజానికి చుట్టి ఉంది. చెట్టు దిగాకే పోయాడన్నమాట. మోటారు వైరు తెగి నీళ్లలో పడింది. నా చెట్టు పాదులోనూ అవే నీళ్లు. మోటారు ఆగకముందే దిగి ఉంటే నేనూ పోయేవాణ్ని.

కఫీల్ పైకి చూస్తూ, వచ్చిన కాస్త హిందీలో "ఊపర్ దూస్రా ఆద్మీ కౌన్?" అని, పైనున్న రెండో మనిషెవరని అడిగాడు. శవాన్ని చూసి కేక వేశాక కూడా పైన ఇద్దరు మాట్లాడుకోవడం విన్నాడట. ఎవరూ లేరంటే నమ్మలేదు. కారు లైట్లు తిప్పి చెట్టు చెట్టూ వెతికాడు. ఎవరూ లేరు.

పొగకు నా మతి చెడిందనుకుందాం. ఆ ముసలాయనకూ చెడిందా?

శవాన్ని నేనే ఇంటికి తెచ్చాను. అక్క ఏడవలేదు. నా చొక్కా పట్టుకుని ఒక్కటే అడిగింది.

"ఆఖరికి ఏమన్నడురా?"

ఆ రోజు నా పిలుపులన్నిటికీ బావ పలికాడు. అందులో బతికున్నప్పటి మాట ఏదో, తర్వాతది ఏదో నాకు తెలియదు. అక్కకు ఇన్నేళ్లైనా జవాబు చెప్పలేకపోయాను.