మా మేనత్త ముక్కు

కస్తూరి తుమ్మను ఎవరూ నాటరు. పనికిరాని నేల కనబడితే చాలు, అదే మొలుస్తుంది. కణుపు కణుపుకీ జంట ముళ్ళు. మొదలంటా నరికితే మోడు నుంచి మరిన్ని కొమ్మలు తన్నుకొస్తాయి. అంత పెంకి పొదకి పసుపుపచ్చని బంతుల్లాంటి పూలు, మతిపోగొట్టే వాసన. నన్ను పెంచిన మేనత్త ఆ వాసన మీదే బతికింది.

అత్తరు షెడ్డులో ఆమె పని. గోరువెచ్చని కొవ్వులో పూలు నానబెట్టి, వడకట్టి, మళ్ళీ కొత్తవి వేస్తారు. వాసన చాలినంత పట్టిందా, కొవ్వు పులుస్తోందా అన్నది అత్తయ్య ముక్కే చెప్పాలి. ఆమె కళ్ళు మూసుకుని గంగాళం మీదికి వంగితే అందరూ ఊపిరి బిగబట్టేవారు. ఇంట్లో ఆ ముక్కుతో చచ్చేవాళ్ళం. మామయ్య గడప తొక్కకముందే సిగరెట్టు సంగతి బయటపడేది.

మాయదారి జ్వరం ఒకటి వచ్చి, పోతూ పోతూ ఆ ముక్కును ఎత్తుకుపోయింది. అత్తయ్య ఎవరికీ చెప్పలేదు. పొదల్లో మొహం దూర్చి పీల్చేది. బుగ్గలు గీరుకుపోయి వచ్చి, "పిల్లి రక్కింది" అనేది. మా ఇంట్లో పిల్లి ఎక్కడిది? నాకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చేవి.

షెడ్డులో కొవ్వు రంగు చూసి నెట్టుకొచ్చింది. కానీ మంచు ఆరని పూలు పడితే కొవ్వు రంగు మారకుండానే పులుస్తుంది. ఒకనాడు అదే జరిగింది. అత్తయ్య వంగి, "బాగుంది, పీపాలో పొయ్యండి" అంది. పక్కవాళ్ళకి కంపు కొడుతూనే ఉంది. ఆమె ముక్కును కాదనే ధైర్యం ఎవరికుంది? పోసేశారు. పీపాలో ఉన్న మంచి సరుకంతా పాడైపోయింది.

యజమాని అరవలేదు. "ఏమైందమ్మా?" అన్నాడు.

"నాకు వాసన రావట్లేదయ్యా. పంపెయ్యకండి. ఇది తప్ప నాకేం చేతకాదు."

పూలు కోయడానికి చేతులు చాలట్లేదని, ఆమెను కోతలో వేశాడు.

అప్పటి నుంచి రోజూ సాయంత్రం ముళ్ళకి గీరుకుపోయిన చేతులు వాసన చూడమని మామయ్య ముందు చాపేది. "ఉందా?"

"ఉంది. ఇల్లంతా ఉంది."

ఆ మాట వింటే గానీ ఆమెకు ముద్ద దిగేది కాదు.

పూల కాలం అయిపోయింది. ఎండుకొమ్మలు నరికే పనిలో పెట్టారు. ఆ సంగతి అత్తయ్య మాకు చెప్పలేదు. ఒక సాయంత్రం ఎప్పటిలాగే చేతులు చాపింది.

"ఉందా?"

"ఇవాళ మరీ ఎక్కువగా ఉంది" అన్నాడు మామయ్య.

"పూలైపోయి వారమైందండీ" అంది అత్తయ్య. "ఇన్నాళ్ళూ మీరు ఉందన్నది కూడా ఇలాగేనా?"