సాదా పెట్రోలు

నా వల్ల ఒక మనిషి మీద దొంగ అన్న ముద్ర పడింది. ఏళ్లుగా ఆ మాట నా గుండె మీద కూర్చుంది. ఈ రోజు దించేశాను. అందరూ పడుకున్నారు. కూర్చుని ఇది రాస్తున్నాను.

మాది కొత్తకోటలో బట్టల వ్యాపారం. మా ఆయన పాత కారు కొన్నప్పటి నుంచి హై ఆక్టేన్ పెట్రోలే పోయించేవారు. ధర ఎక్కువైతే బలం ఎక్కువని నమ్మకం. నేను కాలేజీలో సైన్సు చదివాను, కారుతో వచ్చిన పుస్తకమూ చదివాను. ఇంజను పెట్రోలును ఎంత గట్టిగా నొక్కితే అంత ఎక్కువ ఆక్టేన్ కావాలి. లేకపోతే ఎత్తెక్కేటప్పుడు లోపల టకటకమంటుంది. మా బండి నొక్కుడు తక్కువ. సాదాది చాలు. మగ్గాల ఇంట్లో పుట్టినదాన్ని. నూలును చూసి గంజి పెడతారు గానీ చిక్కగా ఉంటేనే మంచిదని ఎవరూ పెట్టరు. అదే ఆయనకు చెప్పాను. నవ్వారు.

అప్పుడు పాప చంటిది. నా పాలు చాలడం లేదు. పాలడబ్బా అడిగితే, అత్తకు గిట్టదు, ఆమె దగ్గర ఆ మాట ఎత్తొద్దన్నారు ఆయన. పాప చేతులు సన్నబడుతుంటే ఎన్నాళ్లు చూడను? డ్రైవర్ సాయిలుతో రహస్యంగా సాదా పెట్రోలు పోయించాను. మిగిలిన డబ్బు తెచ్చి నాకిచ్చేవాడు. దాంతో పాలడబ్బాలు కొని చాటుగా పట్టేదాన్ని. పాప బుగ్గలు నిండాయి. బండి ఒక్కసారీ టక్కుమనలేదు. జడ్చర్ల దాకా పోయి వచ్చి ఆయన ఆ ఖరీదైన పెట్రోలును పొగుడుతుంటే, తలుపు వెనక నవ్వు ఆపుకునేదాన్ని. తప్పని తోచలేదా? తోచింది. అయినా ఆ గెలుపు తియ్యగా ఉండేది.

ఒకనాడు పంపు దగ్గర ఎవరో ఆయనకు చెప్పేశారు. సాయిలును వాకిట్లో నిలబెట్టారు.

“పైసలు ఏడ పెట్టినవ్ రా?”

“నేను తినలే సేటూ.”

“మరి బండి తిన్నదా? దొంగ!”

సాయిలు నా వంక చూశాడు. నేను నోరు తెరిస్తే పాపకు పాలు ఆగిపోతాయనుకున్నాను. నిజంగా పాల కోసమేనా? నా పరువు కోసం కాదా?

“పోతున్న అమ్మా. పాప పైలం,” అని తాళంచెవి అరుగు మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఊళ్లో ఎవరూ మళ్లీ అతనికి బండి ఇవ్వలేదు. జడ్చర్లలో మూటలు మోస్తున్నాడట.

ఈ రోజు అత్తతో కలిసి ఆత్మకూరు పెళ్లికి పోతూ మా ఊరి పంపు దగ్గర ఆగాం. “మంచిదే పోయించు. గా సాయిలు లెక్క దొంగతనం చెయ్యకు,” అని ఆయన కొత్త డ్రైవరుతో అన్నారు. నేను కారు దిగాను.

“సాదాదే పొయ్యుండ్రి. సాయిలు దొంగ కాడు. పోయించింది నేను. పైసలు తీసుకున్నది నేను. పాపకు పాలడబ్బలు కొన్న.”

“నీకేం పుట్టిందే పిల్లా, నడిబజార్ల!” అంది అత్త.

నా గొంతు తగ్గలేదు. పంపు దగ్గర ఉన్నవాళ్లంతా విన్నారు. సాదాదే పోశారు. దారిలో ఎత్తు వచ్చింది. కారులో అందరం చెవులు రిక్కించి కూర్చున్నాం. బండి ఒక్క టక్కు కూడా లేకుండా పైకెక్కింది.

ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నారు. రేపు జడ్చర్ల పోతాను. సాయిలు నా ముఖం చూడకపోవచ్చు. చూడాలని అడిగే హక్కు నాకు లేదు. కానీ దొంగ ఎవరో ఇప్పుడు కొత్తకోటకంతా తెలుసు. నేనే. ఎంత తేలిగ్గా ఉందో!