మేమంతా నోరు మూసుకున్న ఆదివారం

ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు గానీ, నా చిన్నతనంలో బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఎవరిది ఏ మతమో పండగ రోజున తప్ప తెలిసేది కాదు. మిగతా రోజులన్నీ అందరిదీ బొగ్గు మతమే. ఇంజన్ల షెడ్డు సైరను మోగితే నాన్నలు డ్యూటీకి వెళ్ళేవారు, మళ్ళీ మోగితే నల్లగా తిరిగొచ్చేవారు, ఆ నలుపు వదలగొట్టడం అమ్మల వంతు. ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. నా అంత జ్ఞాపకశక్తి ఉన్న పిల్ల ఈ లోకంలో లేదన్నది ఒకటి. ఆ సంగతి లోకానికి ఇంకా తెలియకపోవడం లోకం చేసుకున్న పాపమన్నది రెండోది. (కళ్ళద్దాలు నెత్తిమీదే పెట్టుకుని ఇల్లంతా వెతుకుతున్నప్పుడు ఆ మొదటి నమ్మకం గుర్తొచ్చి సిగ్గేస్తూ ఉంటుంది.)

మాది శ్రీకాకుళం వైపు. నాన్న షెడ్డులో ఫిట్టరు. ఆడపిల్లల బడి అంటే మిషను వాళ్ళది ఒక్కటే దగ్గర్లో ఉండేది కాబట్టి నన్ను అందులో వేశారు. ఇంట్లో అప్పన్న స్వామి, బళ్ళో ఏసుప్రభువు. ఇద్దరికీ నా వల్ల పెద్ద ఇబ్బంది ఉన్నట్టు కనబడలేదు. వేదపాఠం, అంటే బైబిలు పాఠం, నాకు ఒకసారి వింటే వచ్చేసేది. సాయంత్రం నాయనమ్మకు అప్పజెప్పేదాన్ని. ఆవిడ "ఆ మతం మనకెందుకు" అంటూనే చెవి ఇటు పడేసేది. దేవుడు మగవాడి పక్కటెముక తీసి ఆడదాన్ని చేశాడని చెప్పిన రోజున మాత్రం చాలాసేపు ఆలోచించింది. "అదేటి సంగతి. ఎముక తీసీసేక మరి మగోడు తిన్నగా ఎలగ నిలబడతాడు? అందుకే మీ తాతకి నాను పక్కన లేకపోతే ఒక్క పనీ సాగీది కాదు" అంది. పండితులెవరూ చెప్పని ఈ వ్యాఖ్యానం మర్నాడు బళ్ళో చెబితే మా పెద్ద టీచరు మిస్సమ్మ, ఆవిడ దొరసాని, కిటికీ వైపు తిరిగి చాలాసేపు దగ్గింది.

మా కథకు అసలు మనిషి కళ్ళజోడు పెద్దమ్మ. ఆవిడా మా వైపు మనిషే. భర్త పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేస్తూ పోయాక మిషను వాళ్ళ దగ్గర చదువు నేర్చుకుని, వాళ్ళ మతంలో కలిసి, ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళకు అక్షరాలు నేర్పేది. ఆదివారం మధ్యాహ్నం మిషను వాళ్ళ గుడి పక్క గదిలో తరగతి పెట్టేది. అక్కడికి మా అమ్మ కూడా వెళ్ళేది, ఊలు అల్లిక నేర్చుకోవడానికి అని చెప్పి. రెండేళ్ళలో అమ్మ చేతి నుంచి సగం మేజోడు ఒకటి తప్ప ఏమీ బయటికి రాలేదు, కానీ గుణింతాలు పూర్తయ్యాయి. అమ్మకు చదువు ఎందుకంటే, పుట్టింటి ఉత్తరాలు నాన్న చదివి పెట్టేవారు, అదీ నాయనమ్మ ముందు, వీధి గుమ్మంలో కూర్చుని, గట్టిగా. ఆ సంగతి తెలిసి మా మామయ్య ప్రతి ఉత్తరంలోనూ అందరూ క్షేమమని, వానలు పడ్డాయని మాత్రమే రాసేవాడు. అమ్మకు వానల సంగతి అక్కర్లేదు. వాళ్ళమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉందో, చెల్లెలు అత్తింట్లో ఎలా ఉందో కావాలి.

ఇలా ఉండగా గుడికి కొత్త పాదిరీ వచ్చారు. గోదావరి జిల్లా మనిషి, చక్కని కంఠం, ఇస్త్రీ మడత చెదరని లాల్చీ. ఏం చెప్పినా చివర "అంతే" అనేవారు. అందుకని మేము ఆయనకు 'అంతే అయ్యగారు' అని పేరు పెట్టాం. అప్పటిదాకా గుడిలో ఒక వాడుక ఉండేది: ఆరాధన అయ్యాక పావుగంట సేపు కళ్ళజోడు పెద్దమ్మ లేచి వేదంలో కథ ఒకటి మా యాసలో చెప్పేది. మగవాళ్ళు కూడా చెప్పులేసుకుంటున్నట్టు నటిస్తూ వినేవారు. అయ్యగారు రెండు ఆదివారాలు ఓర్చుకుని మూడో ఆదివారం ఆ వాడుక ఆపేశారు. సంఘంలో స్త్రీలు మౌనంగా ఉండాలని వేదంలో ఉన్న ఒక ఉత్తరంలో పౌలు భక్తుడు రాశాడట. పైగా పురుషుడు ముందు పుట్టాడు, స్త్రీ తర్వాత పుట్టింది, అంచేత వెనక ఉండాలి, అంతే. పక్క గది కూడా వచ్చే నెల నుంచి మగవాళ్ళ కమిటీకి కావాలి, అంతే.

ఆయన బడికి పాఠం చెప్పడానికి వచ్చినప్పుడు నేను చెయ్యెత్తాను. ముందు పుట్టినవాళ్ళే పెద్దయితే, ఆదాము కంటే ముందే పుట్టిన చేపలు, కోళ్ళు, గాడిదలు ఆదాముకు పెద్దలవుతాయా అని వినయంగానే అడిగాను. (వినయంగా అడిగానని నేను చెబుతున్నాను. మా క్లాసు పిల్లలు వేరేగా చెబుతారు.) అయ్యగారు నావైపు చూసి, ఆడపిల్లకు ఇన్ని ప్రశ్నలు మంచివి కావన్నారు. శిక్షో బహుమానమో తెలియని మాట ఇంకొకటి కూడా అన్నారు: వచ్చే బడిపిల్లల ఆదివారం నాడు గుడిలో అందరి ముందు ఆ ఉత్తరంలోని ఆ భాగాన్నే నేను కంఠతా అప్పజెప్పాలని. తప్పు లేకుండా చెబితే మిస్సమ్మ తెప్పించిన గొడుగు నాది. నల్లని సిల్కు గొడుగు, పిడికి పింగాణీ చిలక. మా కాలనీలో గార్డుగారి భార్యకు కూడా అలాంటిది లేదు.

నా మనసు రెండుగా చీలిందని రాస్తే బాగుంటుంది గానీ, నిజానికి అది మొత్తంగా గొడుగు వైపే ఉంది. ఉచ్చారణ దిద్దించుకోవడానికి పెద్దమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ పక్క గదిలో పలకలు మూట కడుతోంది. నేను ఆ భాగం చదువుతుంటే తప్పులు దిద్దింది తప్ప ఒక్క పుల్లవిరుపు మాట అనలేదు. ఆఖర్న కళ్ళజోడు తుడుచుకుంటూ మాత్రం, "ఇదే ఉత్తరంలో ముందు పేజీల్లో ఆడోళ్ళు గుడిలో పైకి ప్రార్థన సెయ్యాలంటే తలమీద ముసుగేసుకోవాలని రాసేడమ్మా ఆయన. నోరిప్పొద్దంటే మరి ముసుగెందుకు? ముందు పేజీలు ఎవరూ సదవరు. నువ్వు మాత్రం అర్థం తెలిసి సెప్పు" అంది. అమ్మ ఆ మూలనే కూర్చుని ఉంది. ఆ వేళ ఊలు బయటికి తియ్యనే లేదు.

ఆదివారం వచ్చింది. గుడి నిండా జనం. నాయనమ్మ కూడా వచ్చి, మతం అంటుకోకుండా అన్నట్టు గుమ్మం దగ్గర కూర్చుంది. నేను నూనె రాసిన జడలతో ముందుకు వెళ్ళి, చేతులు కట్టుకుని మొదలుపెట్టాను. గంట కొట్టినట్టు సాగింది. స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండవలెను అన్న చోటికి వచ్చాను. అక్కడ అర్థం తెలిసింది. నోరు మూసేశాను.

అయ్యగారు నేను మరిచిపోయాననుకుని తర్వాతి మాట అందించారు. నేను కదల్లేదు. "తర్వాత?" అన్నారు. నేను కళ్ళతో ఆయన చేతిలోని పుస్తకాన్ని చూపించాను. "చెప్పవేం?" అన్నారు. నేను రెండు పెదాలూ లోపలికి మడుచుకుని, చెప్పకూడదన్నట్టు తల అడ్డంగా ఊపాను. గుమ్మం దగ్గర నాయనమ్మ నవ్వు మొదట వినబడింది. దాని వెనక ఇంకో నాలుగైదు నవ్వులు. అయ్యగారు ఎర్రబడి, పాట ఎత్తుకోమన్నారు.

మా గుడిలో పాటంటే ఆడవాళ్ళదే. హార్మోనియం దగ్గర కూర్చునేది అయ్యగారి భార్య, నోట్లో నాలుక లేని మనిషి అని అందరూ అనేవారు. ఆవిడ కళ్ళజోడు పెద్దమ్మ వైపు చూసింది, నా వైపు చూసింది, తర్వాత మెల్లగా హార్మోనియం మూత వేసి దాని మీద చేతులు పెట్టుకుంది. ఆడవాళ్ళ వైపు ఒక్క గొంతు లేవలేదు. మగవాళ్ళ వైపు ముగ్గురు లేచారు: ప్రతి పాటనూ బండికి జెండా ఊపినట్టు మొదలుపెట్టే గార్డు, శ్రుతి అంటే ఏదో మందు పేరనుకునే కంపౌండరు, ఇరవై ఏళ్ళుగా ఇంజను తోలి చెవులు పోయిన డ్రైవరు. ముగ్గురూ మూడు లైన్ల మీద బయల్దేరారు. రెండో చరణానికి గార్డు ఆగిపోయాడు, కంపౌండరు దగ్గాడు, ఏమీ వినబడని డ్రైవరు ఒక్కడే నిమ్మళంగా చివరిదాకా పాడి, అందరూ తనతో పాడారనుకుని సంతోషంగా కూర్చున్నాడు. మిస్సమ్మ గుడి కప్పులో దూలాలు లెక్కపెడుతోంది.

అయ్యగారు భార్య వైపు చూశారు. ఆవిడ తల వంచుకుంది గానీ చేతులు తియ్యలేదు. అప్పుడాయన గొంతు తగ్గింది. "పెద్దమ్మా, ఏమిటిది? మీరే చెప్పండి" అన్నారు. పెద్దమ్మ లేచి నిలబడి, మాట్లాడవచ్చా అని చేత్తో సైగ చేసింది. ఆయన తల ఊపారు. ఆవిడ ముసుగు సరిచేసుకుంది.

"ప్రభువుని సమాధిలో పెట్టేక మూడోనాడు తెల్లారగట్ట అక్కడికెల్లింది ఆడోళ్ళు, అయ్యగారూ. మగోళ్ళు తలుపులేసుకుని భయపడి కూకున్నారు. లేచేడు అన్న కబురు పట్టుకెల్లి సెప్పింది ఆడది. మొదట ఎవరూ నమ్మలేదు కూడాను. నాకెందుకులే అని అదీ నోరు మూసుకునుంటే ఆ కబురు ఆ సమాధి తోటలోనే ఉండిపోయీది. ఈ గుడుండదు, తమరి ఉద్యోగమూ ఉండదు."

అయ్యగారు పుస్తకం మూసి, మళ్ళీ తెరిచి, అందులో ఏదో వెతుకుతున్నట్టు పేజీలు తిప్పారు. ఆయన చెడ్డమనిషి కాదు, చదివినవాడు, ఆ కథ ఆయనకు తెలియక కాదు. మనకు బాగా తెలిసిన కథే ఎవరో కొత్తగా చెప్పినప్పుడు ఎలా ఉంటుందో అలా ఉన్నారు. ఆఖరికి భార్య వైపు తిరిగి, ఎన్నడూ లేనిది మీరు అని పిలిచి, "మీరు వాయిస్తారా" అన్నారు. ఆవిడ మూత తీసింది. ఆ వేళ ఆడవాళ్ళు పాడిన పాటకు షెడ్డు దాకా జనం నిలబడ్డారని చెబుతారు. (చెప్పేది ముఖ్యంగా నేనే.)

గది మగవాళ్ళ కమిటీకి వెళ్ళలేదు. పెద్దమ్మ పావుగంట తిరిగి వచ్చింది. కథ బాగుంటే అయ్యగారే అరగంట చేసేవారు. గొడుగు మాత్రం నాకు రాలేదు. పాఠం మధ్యలో ఆగిపోయింది కనుక బహుమతి నా తర్వాత తప్పు లేకుండా అప్పజెప్పిన పిల్లకు ఇవ్వడం న్యాయమని అయ్యగారు అన్నారు, మిస్సమ్మ కూడా ఒప్పుకుంది. స్త్రీజాతి కోసం త్యాగం చేసిన దాన్ని గదా, హుందాగా ఇంటికి వెళ్ళి మంచం కింద దూరి ఏడ్చాను. నాన్న విషయం తెలిసి ఏమంటారోనని భయపడ్డాను గానీ, ఆయన అడిగింది ఒక్కటే: డ్రైవరు నిజంగా మొత్తం పాట పాడాడా అని.

శీతాకాలంలో మామయ్య దగ్గర్నుంచి మందంగా ఒక కవరు వచ్చింది. నాన్న చెయ్యి చాచారు. అమ్మ ఇవ్వలేదు. పెరట్లో బొగ్గుకుప్ప పక్కన నిలబడి, వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదువుకుంది, మధ్యలో ఒకసారి నవ్వింది, ఒకసారి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఏటి రాసేడని నాయనమ్మ అడిగితే, వానలు పడ్డాయిట అంది.

మొన్న బిలాస్‌పూర్‌లోనే రాజ్‌కిశోర్ నగర్‌లో మనవరాలి ఇంట్లో ఒక శుభకార్యానికి వెళ్ళాను. పెద్దమనిషి ఒకాయన లేచి, మగవాళ్ళు మాట్లాడుకుంటున్నాం, ఆడవాళ్ళు కాస్త లోపలికి వెళ్ళి కూర్చోండి అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. గట్టి జవాబొకటి నాలుక చివరికి వచ్చింది. కుర్చీలోంచి లేచి చెబుదామని మోకాళ్ళు సర్దుకుని, కర్ర పట్టుకుని, కొంగు సవరించుకుని నిలబడేసరికి ఆయన మాట్లాడటం అయిపోయి విస్తరి ముందు కూర్చున్నాడు. ఇక నేనూ వెళ్ళి కూర్చున్నాను. ఆ ఆదివారం నాటి పదమూడేళ్ళ పిల్ల ఇప్పుడుంటే నన్నెంత చిన్నచూపు చూసేదో నాకు తెలుసు. కానీ గుత్తివంకాయ వేడివేడిగా ఉంది, అది చల్లారేదాకా సిద్ధాంతం మాట్లాడేంత వయసు నాకిప్పుడు లేదని దానికి ఎవరు చెప్పగలరు.