మూడు గంటల నలభై నిమిషాలు

యాభై దాటాక, కాలనీలో సాయంత్రం పూట నడిచే బడిలో నేను అక్షరాలు దిద్దుకున్నాను. అమ్మ పోయిన మర్నాడు పొద్దున ఆ చదువును అందరి ముందూ వాడాను.

అమ్మ ముందురోజు సాయంత్రం గోదావరిఖనిలో మా క్వార్టర్‌లోనే కన్నుమూసింది. చెల్లెలు దుబాయిలో ఒక ఇంట్లో వంట చేస్తుంది. ఫోన్లో ఏడుస్తూ ఒకటే మాట అడిగింది.

"నేనొచ్చేదాక అమ్మను లేపొద్దక్కా. పొద్దున ఎనిమిదింటికి విమానం ఎక్కుతున్న."

మా వాళ్లు శవాన్ని ఒక రాత్రి ఉంచుతారు. రెండో రోజు పొద్దు గూకకముందే ఎత్తుతారు. "ఫ్రీజర్ల పెడితే ఇంకో దినం ఆగొచ్చు. కిరాయికిచ్చేటాయన తాన ఒక్కటే ఉన్నదట, తెప్పియ్యాల్నా?" అని మా నాన్న తమ్ముడు, కాక, అడిగాడు.

నేను కళ్లద్దాలు పెట్టుకుని, ఫోన్లో వెతికి, కూడబలుక్కుంటూ పైకి చదివాను. దుబాయి నుంచి హైదరాబాదుకు రెండున్నర వేల కిలోమీటర్లు. మూడు గంటల నలభై నిమిషాలు. వేళ్లు మడిచాను. పన్నెండు కాకముందే దిగుతుంది. అక్కణ్ణుంచి కారులో అయిదు గంటలు.

"ఫ్రీజర్ ఎందుకు కాకా, పొద్దుండంగనే వస్తది."

"సూడుండ్రి, మా బిడ్డ ఇగ విమానం టికెట్లు గూడ అమ్ముతది!" అన్నాడు కాక. అంత దుఃఖంలోనూ నలుగురు నవ్వారు. అమ్మ పక్కనే కూర్చుని ఉన్నా, నాకు గర్వంగా అనిపించింది.

ఆ ఫ్రీజర్‌ను రామగిరి వైపు ఎవరింటికో తీసుకుపోయారు.

పన్నెండు దాటింది, ఒంటిగంట దాటింది. ఒకటిన్నరకు ఎవరి ఫోన్ నుంచో చెల్లెలు చేసింది. "ఇప్పుడే దిగిన అక్కా."

"గింత లేటెందుకైందే?"

"లేటేంది? టైముకే వచ్చింది. ఆడ ఎనిమిదంటే మనకు తొమ్మిదిన్నర గదా."

గని సైరన్ విని పొయ్యి వెలిగించిన బతుకు నాది. ఫస్టు షిఫ్టుకైనా, రాత్రి షిఫ్టుకైనా ఊరంతటికీ అదే గడియారం. ఇంకోచోట ఎనిమిది వేరే ఎనిమిది అవుతుందని నాకు తెలియదు. ఎవరినీ అడగనూ లేదు.

పెద్దపల్లికి ఫోన్లు చేశారు, ఫ్రీజర్ దొరకలేదు. కాక కాళ్లు పట్టుకున్నాను. అయిదున్నర దాకా ఆగారు.

"ఇగ ఆగరాదు బిడ్డా," అన్నాడు కాక. ఎవరూ నా వైపు చూడలేదు. అమ్మను ఎత్తారు.

చెల్లెలు ఏడింటికి వచ్చింది. కడిగిన వాకిలి చూసి గడపలోనే కూలబడింది.

"నేనే తప్పు లెక్క చెప్పిన. ఫ్రీజర్ వద్దన్నది నేనే," అన్నాను.

తను నన్ను తిట్టలేదు. చేతి గడియారం ఇంకా మన టైముకు మార్చుకోలేదు. మణికట్టు నా ముందు చాపింది.

"తొవ్వపొంట దీన్నే సూసుకుంట వచ్చిన. దీంట్ల ఇంకా పొద్దు ఉన్నది అక్కా."

నేను వంగి చూశాను. అయిదున్నర.