చల్లగాలికి పూసిన పసుపు

చల్లదనం ఇంట్లో తయారు చేసుకునేదే తప్ప కొనుక్కునేది కాదని మేమంతా నమ్మిన కాలమది. మే నెల వచ్చిందంటే భిలాయిలో మా సెక్టారులో ప్రతి క్వార్టరు కిటికీకీ ఒక వట్టివేళ్ల తడక వేలాడేది. గంటకోసారి దాని మీద నీళ్లు చల్లడం మా ఇంట్లో నా పని. నేను బడికి వెళ్లిన పిల్లను కాదు. చిన్నప్పుడు ఏడాది పొడుగునా జ్వరాలతో మంచం పట్టానని, ఆ తర్వాత కూడా మా మామ్మ నన్ను ఎక్కడికీ పంపనివ్వలేదు. అక్షరాలు, స్తోత్రాలు, శుక్రవారం గడపకి పసుపు పూయడం, అన్నీ ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. (లెక్కలు మాత్రం రాలేదు. అవి మామ్మకీ రావు.)

ఎనభైల మొదట్లో, నాకు పదిహేనేళ్లప్పుడు, మామ్మకి గుండెజబ్బు చేసి రాయపూర్ ఆసుపత్రిలో చేర్చారు. నెల పైన ఉండాలన్నారు. "ఇంటికి తీసుకెళ్లే రోజున మాత్రం ఆవిడకి వేడి తగలకూడదు, తగిలితే నా పూచీ లేదు" అని డాక్టరుగారు ముందే చెప్పేశారు. (తెల్లవారుజామునే తీసుకురావచ్చుగా అంటారేమో, పదకొండు దాటందే ఆయన డిశ్చార్జి చీటీ రాయరు.) అప్పటిదాకా స్కూటరు తప్ప ఎరగని మా నాన్నగారు, ఊరొదిలి వెళుతున్న ఒక కాంట్రాక్టరు దగ్గర ఏసీ బిగించిన పాత అంబాసిడర్ కొన్నారు. మొదటిరోజు అందులో కూర్చుని, మొహానికి తగులుతున్న చల్లగాలికి కళ్లు మూసుకుని దణ్ణం పెట్టాను. నాన్నగారు బానెట్ ఎత్తి, ముందువైపు సన్నని రేకుల పలక ఒకటి చూపించారు. "ఈ జాలీలోంచి గాలి ఆడాలమ్మా, అప్పుడే లోపల చల్లగా ఉంటుంది" అన్నారు. గాలి అడుగుపెట్టే చోటు అంటే గడపే కదా! ఇంటి గడపకి ఉన్న మర్యాద, మామ్మని తీసుకొచ్చే బండి గడపకి ఉండొద్దూ?

ఆ శుక్రవారం ఆయన బానెట్ ఎత్తి రేడియేటరులో పోసే నీళ్ల కోసం లోపలికి వెళ్లగానే, గిన్నెడు పసుపు ముద్ద జాలీ నిండా పూసి, కుంకుమ బొట్లు పెట్టేశాను. రాలిపోకుండా కాస్త బియ్యప్పిండి కూడా కలిపాను. (పూసింది జాలీ ముందువైపు, వంగి చూస్తే తప్ప కనబడదు.) అలా మూడు శుక్రవారాలు. మామ్మ క్షేమంగా ఇంటికి చేరాలని తప్ప వేరే కోరిక లేదు.

మూడోవారానికి గాలి గోరువెచ్చగా వచ్చింది. నాలుగో వారంలో, ఆదివారం మామ్మని పంపిస్తామని కబురు వచ్చేసరికి, పొయ్యి ముందు కూర్చున్నట్టుంది. పక్క క్వార్టరు ఫర్నేస్ బాబాయ్ (ఉక్కు ప్లాంటులో ఆయన పని ఫర్నేసు దగ్గర, అందుకే ఆ పేరు) వచ్చి బానెట్ దగ్గర ముక్కు పెట్టి, "గ్యాస్ లీకయిపోనాది అన్నయ్యా! మా ఫర్నేసులో ఇలాటివి వాసన్తోనే సెప్పేస్తాం" అన్నారు. మళ్లీ వాసన చూసి, "వదిన పులిహోర కలుపుతోందేటి?" అన్నారు. అమ్మ వంటింట్లోంచి వచ్చి, ఇవాళ ఉప్మాయేనని చెప్పింది. నాకు మాత్రం భయం పట్టుకుంది. నా భక్తి చాలలేదనుకుని, ఆ శుక్రవారం ఇంకా మందంగా పూశాను.

శనివారం పొద్దున క్యాంప్ వన్ నుంచి కూలింగ్ మిస్త్రీ వచ్చాడు. శ్రీకాకుళం మనిషి. ఇంజన్ వేయించి, బెల్టు చూసి, పైపులు తడిమి, "గ్యాసుంది సార్, కంప్రెసరూ తిరుగుతోంది. ఏటి మరి?" అంటూ వంగి, జాలీని గోటితో గీకి, ఆ వేలు వాసన చూశాడు.

"సార్, ఇదేటండి? పెళ్లికూతురికి ఎట్టినట్టు బండికి నలుగెట్టేసినారు!"

నాన్నగారి మొహం ఎర్రబడింది. "ఆ కాంట్రాక్టరు! కన్నాలు కనబడకుండా ఏదో మెత్తి అంటగట్టాడు నాకు. ఇప్పుడే ఉత్తరం రాస్తాను" అంటూ లోపలికి నడిచారు. నేను నోరు మూసుకుంటే సరిపోయేది. కానీ ఏ పాపం తెలియని మనిషికి అలాంటి ఉత్తరం వెళుతుంటే, సాయంత్రం దీపం పెట్టడానికి నాకు చెయ్యి ఎలా వస్తుంది?

"నాన్నగారూ, నేనే పూశానండీ. మామ్మ కోసం."

అందరూ నన్ను చూసి నవ్వేశారు. మిస్త్రీ ఒక్కడే నవ్వలేదు. "పాపా, బండిలో వేడినంతా ఈ జాలీయే బయటికి ఊదేస్తాది. నువ్వు దాని ముక్కు మూసేసినావు."

"దేవుడికి కోపం వచ్చిందా?"

"దేవుడిక్కాదమ్మా, కంప్రెసరుకి!"

మెత్తటి బ్రష్షొకటి నా చేతికిచ్చి, "నువ్వే కడుగు. నిమ్మళంగా, రేకులొంగిపోతాయి" అన్నాడు. గంటసేపు కడిగాను. కాలువ దాకా పసుపునీళ్లు పారాయి. "మంగళస్నానం అయిపోయిందండోయ్, పెళ్లికొడుకు ఎక్కడ?" అని ఫర్నేస్ బాబాయ్ గోడ మీంచి కేక వేశారు. తర్వాత మిస్త్రీ ఇంజన్ వేసి, లోపల గాలి వచ్చే చోట నన్ను చెయ్యి పెట్టమన్నాడు. వేడి. ఇంకా వేడే. నాకొచ్చిన దేవుళ్ల పేర్లన్నీ అయిపోయాక, వేళ్ల కొసలకి చల్లగా తగిలింది. నేను ఏడ్చేశాను. మిస్త్రీ టీ తాగుతూ, "పూజ మానొద్దు పాపా. వారంవారం నీళ్లతో అభిషేకం సెయ్యి. బండిక్కూడా మంచిది" అన్నాడు. నేను పెద్దదాన్నయ్యాక విన్న ప్రవచనాల్లో కూడా ఇంత మెత్తగా తప్పు దిద్దినవాళ్లు తక్కువ.

ఆదివారం మిట్టమధ్యాహ్నం, వడగాలిలో, మామ్మ నా పక్కన కూర్చుని రాయపూర్ నుంచి వచ్చింది. దారిలో కుమ్హారి ఊరు దాటాక నా చెయ్యి పట్టుకుని గోళ్లు చూసింది.

"ఆదివారం పూట ఈ పసుపేమిటే? ఎవరికి పూశావు?"

"నీకే మామ్మా" అని మొత్తం చెప్పాను. ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది, ఆగదే! "అమ్మా, నవ్వకే, డాక్టరు అలిసిపోవద్దన్నాడు" అని నాన్నగారు స్టీరింగు దగ్గర్నుంచి బతిమాలారు. నవ్వి నవ్వి, నా చెయ్యి వదలకుండానే, ఆ చల్లగాలిలో నా భుజం మీద నిద్రపోయింది. ఇంటి ముందు ఆగినా లేపబుద్ధి కాక, ఇంజన్ ఆపకుండా కాసేపు అలాగే కూర్చున్నాం.

ఇప్పుడు నాకు ఏ యంత్రంలో గాలి ఎటు పోతుందో కొంచెం తెలుసు. మిస్త్రీకి మనసులో దణ్ణం పెట్టుకోని వేసవి లేదు. ఆ పదిహేనేళ్ల పిల్లకి తెలివి తక్కువే, ఒప్పుకుంటాను. కానీ ఒక మనిషి చల్లగా ఇల్లు చేరాలని అంత గుడ్డిగా, అంత మందంగా నేను ప్రార్థించి ఎన్నేళ్లయిందో అనుకుంటే మాత్రం, ముందు నవ్వొస్తుంది, ఆ వెనకే ఆ పిల్ల మీద కాస్త అసూయ కలుగుతుంది.